పంకా ఎంపిక: చిన్న పందెపు డ్రోనుల కూర్పును గూర్చి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున చదువరులను పెంచిన గ్రంథాలయపు రజతోత్సవమున ఒక శాస్త్రవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల నడుమ నివసించు మనకు వరిని గూర్చియు, చేపల చెరువులను గూర్చియు చెప్పగల పెద్దలు పెక్కుమంది కలరు. కాని మన యువకులు సాయంకాలములందు చెరువుగట్లపై నిలిచి ఎగురవేయు చిన్న డ్రోనులను గూర్చి తెలియజెప్పువారు అరుదు. తల్లిదండ్రులు దానిని డబ్బు తగులబెట్టు ఆటయనుచున్నారు. పిల్లలు అది శాస్త్రమనుచున్నారు. ఇద్దరి మాటయు నిజము కావచ్చును. అది ఏది యగునన్నది ఆ యంత్రమునకు తగిలించు పంకాను ఎట్లు ఎన్నుకొందురను దానిపై చాలవరకు ఆధారపడియున్నది. అదియే నేటి నా విషయము.

డ్రోనుకు గల ప్రొపెల్లరును మనము పంకా యందము. దానిలో ఒక్కొక్క భాగమును రెక్క యందము. ఈ రెండు మాటలతో పని జరుగును.

మొదట కన్నులయెదుట నున్నదానితో ప్రారంభింతము. మన వరిచేలపై మందు చల్లు డ్రోనును మీలో అనేకులు చూచియుందురు. పది లీటర్ల తొట్టి మోయు అట్టి యంత్రమునకు ఒక్కొక్క పంకా ముప్పది అంగుళముల చుట్టుప్రక్కల నుండును. అది చిన్న పంకాలతో పోల్చినచో నిదానముగా తిరుగుచు, విస్తారమైన గాలిని క్రిందికి త్రోయును. ఆ గాలియే మందు తుంపరలను దుబ్బులలోనికి దింపుటకు తోడ్పడును. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు ఇట్టి డ్రోనుల నందించుట లక్ష్యముగా పెట్టుకొన్నది. పందెపు డ్రోను దీనికి పూర్తిగా వేరు. దాని పంకా వ్యాసము సాధారణముగా 5 అంగుళములే. అది నిమిషమునకు 30,000 చుట్లు తిరుగుటయు కలదు. బరువు మోయుట దాని పనికాదు. ద్వారమునుండి ద్వారమునకు దూసుకొనిపోయి, మలుపునందు జారక, మరల వేగమందుకొనుట దాని పని.

రెండును ఎగురునవే. రెంటికిని పంకాలే. అయినను ఒకదాని పంకా రెండవదానికి పనికిరాదు. ఈ చిన్న పరిశీలనలోనే నేను చెప్పదలచిన దంతయు ఇమిడియున్నది. పనిని బట్టి పంకా, పంకాను బట్టి మోటారు, మోటారును బట్టి బ్యాటరీ. ఈ వరుసను తలక్రిందులు చేసి, అంగడిలో మిక్కిలి బలమైన మోటారును ముందుగా కొని, పిమ్మట దానికి పంకా వెదకువాడు, కోడెను కొని పిదప దానికి సరిపడు బండిని వెదకువానివంటివాడు.

ఈ డ్రోను పందెములు లోకమున ఇటీవలనే పుట్టినవి. 2016 మార్చిలో దుబాయిలో జరిగిన పెద్ద పందెమున లూక్ బానిస్టర్ అను ఆంగ్ల బాలుని జట్టు గెలిచి 2,50,000 డాలర్ల బహుమతి నందుకొన్నది. 2018 నవంబరులో చైనాలోని షెన్‌జెన్ నగరమున అంతర్జాతీయ వైమానిక సమాఖ్య జరిపిన ప్రపంచపోటీలో ఆస్ట్రేలియాకు చెందిన రూడీ బ్రౌనింగ్ విజేత యయ్యెను. ఆనాటికి వారిద్దరికిని 15 ఏండ్లే. 2023లో జ్యూరిక్ విశ్వవిద్యాలయమువారు తయారుచేసిన స్విఫ్ట్ అను స్వయంచాలక డ్రోను మనుష్యులలో మేటి చోదకులను ఓడించినట్లు శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినది. మన ప్రాంతమునకును విమానవిద్య క్రొత్తకాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకు దారి నిర్మించిరి. 2015లో ఆ పట్టణముననే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. కావున మన పల్లెటూరి బాలుడు ఈ విద్యను సరిగా నేర్చుకొనరాదను నియమమేమియు లేదు.

ఇక పంకాయొద్దకు వత్తము. పంకాపై 5.1 × 4.3 × 3 అని గాని, ఆ అంకెలనే కుదించి గాని అచ్చువేసియుందురు. మొదటి అంకె వ్యాసము. అనగా పంకా తిరుగునప్పుడు ఏర్పడు వృత్తపు అడ్డుకొలత, అంగుళములలో. మూడవది రెక్కల సంఖ్య. నడుమనున్న 4.3 అనుదానినే పిచ్ అందురు. దీనిని తెలిసికొనుటకు వడ్రంగి చేతి మరమేకును చూడుడు. మరమేకు ఒక చుట్టు తిరిగినచో కొయ్యలోనికి కొంత దూరము పోవును. గాలి కొయ్యవలె గట్టిదై, పంకా జారక పోగలిగినచో, ఒక చుట్టునకు అది ఎంత ముందునకు పోవునో ఆ దూరమే పిచ్. గాలి గట్టిది కాదు గనుక నిజమున కొంత జారును. అయినను లెక్కకు ఇది చాలును. 4.3 అంగుళముల పిచ్ గల పంకా నిమిషమునకు 30,000 చుట్లు తిరిగినచో, ఏమాత్రము జారక పోయినయెడల గంటకు సుమారు 197 కిలోమీటర్ల వేగమును చేరవలెను. ఇది పై హద్దు. ఎదురుగాలి యొత్తిడియు, జారుడును దానిని తగ్గించును.

పిచ్ ఎక్కువైనచో వేగపు హద్దు పెరుగును. అట్లయినచో 5 లేక 6 పిచ్ గల పంకానే ఎల్లరును ఏల పెట్టుకొనరాదు? పిచ్ పెరిగినకొలది రెక్క గాలికి మరింత అడ్డముగా వాలును, దానిని తిప్పుటకు మోటారు మరింత శ్రమపడవలెను, చుట్లు తగ్గును, మోటారు వేడెక్కును, చేతి మీటను కదల్చినంతనే స్పందించు చురుకుదనము సన్నగిల్లును. పొడవైన తిన్నని దారిలో పెద్ద పిచ్ లాభమిచ్చును. ద్వారములు దగ్గరదగ్గరగా నుండి మలుపులు తరచైనచోట చిన్న పిచ్ గెలుచును. ఆటస్థలమును చూడక పంకాను ఎన్నుకొనుట, నేలను చూడక విత్తనము నెన్నుకొనుటవంటిది.

వ్యాసము సంగతి ఇంకను గమనింపదగినది. ఒకే ఆకారము గల పంకాలు ఒకే వేగముతో తిరుగునప్పుడు ఎత్తుడు బలము వ్యాసపు నాలుగవ ఘాతమును, అందుకు కావలసిన శక్తి అయిదవ ఘాతమును అనుసరించి పెరుగును. 5 అంగుళముల పంకాను తీసివేసి 5.1 అంగుళముల పంకాను తగిలించితిమనుకొనుడు. పెరిగినది అంగుళములో పదవవంతు. చుట్లు తగ్గకుండ నుండవలెనన్నచో బలము నూటికి 8 వంతులు పెరుగును. శక్తి మాత్రము నూటికి 10 వంతులు ఎక్కువ కావలెను. కంటికి కనబడని ఈ మార్పును మోటారు వెంటనే కనిపెట్టును. అంతేకాక, చుట్లను పదోవంతు పెంచినచో బలము నూటికి 21 వంతులు పెరుగగా, శక్తి ఖర్చు నూటికి 33 వంతులు పెరుగును. కడపటి కొసరు వేగమునకు చెల్లించు మూల్యము ఎల్లప్పుడును అధికమే.

మరి మందు చల్లు డ్రోనుకు పెద్ద పంకాలేల? ఒకే బరువును గాలిలో కదలక నిలుపుటకు కావలసిన కనీసశక్తి, పంకా వ్యాసము రెట్టింపైనచో సగమునకు తగ్గును. కొంచెము గాలిని వేగముగా త్రోయుటకంటె ఎక్కువ గాలిని మెల్లగా త్రోయుట పొదుపు. అందుచేత బరువుమోయు యంత్రమునకు పెద్ద పంకా మేలు. కాని పెద్ద పంకా వేగమును వెంటనే పెంచుకొనజాలదు, వెంటనే తగ్గించుకొనజాలదు. పందెములో రెండు మూడు నిమిషములు ఎగిరిన చాలును. అచ్చట పొదుపుకంటె చురుకుదనము ముఖ్యము.

రెక్కలెన్ని యుండవలెను? రెండు రెక్కల పంకా తేలిక, పొదుపైనది. మూడు రెక్కలది కొంత ఎక్కువ విద్యుత్తును తినును గాని మలుపునందు గాలిని పట్టుకొని జారకుండ నిలుచును. అందుచేతనే పందెగాండ్రలో ఎక్కువమంది మూడు రెక్కల పంకానే వాడుచున్నారు. పదార్థమును బట్టియు భేదమున్నది. పాలికార్బొనేట్ పంకా గుద్దుకొన్నప్పుడు వంగును గాని తొందరగా విరుగదు. నేర్చుకొనువానికి అదియే తగినది. మిక్కిలి బిరుసైన రెక్కలు పగిలి ముక్కలు ఎగురును. వాని అంచులు చేతిని గాయపరచును. వంగిన పంకాను చేతితో సరిచేసి మరల వాడుట పొదుపు కాదు. దాని వణకు మోటారు బేరింగులను, నియంత్రణ పరికరమును చెడగొట్టును. పంకా చౌక; మోటారు ప్రియము.

నాలుగు పంకాలలో రెండు గడియారపు ముల్లు తిరుగు దిశను, రెండు దానికి ఎదురు దిశను తిరుగవలెను. లేనిచో డ్రోను తనచుట్టు తానే తిరుగును. ఒక పంకాను తప్పుదిశది తగిలించినచో లేచినంతనే బోర్లపడును. ఇది నేటి ఉపాయము కాదు. 1903 డిసెంబరు 17న రైటు సోదరులు ఎగురవేసిన విమానమునకు ఎనిమిదిన్నర అడుగుల పంకాలు రెండుండెను. ఆ రెంటిని వారు గొలుసులతో ఎదురెదురు దిశలకు త్రిప్పిరి. ఓడల పంకాలను గూర్చిన శాస్త్రము తమకు అక్కరకు వచ్చునని వారు మొదట తలచిరి. అందు వారికి కావలసినది దొరకలేదు. అప్పుడు పంకా యనగా తిరుగుచున్న విమానపు రెక్కయే యని గ్రహించి, గాలిసొరంగమున తాము కొలిచిన అంకెలతో పంకా ఆకారమును లెక్కకట్టిరి. ఈ పనికి పూనుకొనుటకు ముందు, 1899లో, విల్బర్ రైటు స్మిత్సోనియన్ సంస్థకు ఉత్తరము వ్రాసి, విమానవిద్యను గూర్చి అచ్చైన గ్రంథములను, పత్రములను కోరెను. సైకిళ్లు బాగుచేయు అంగడివాడు ఆకాశమునకు పోవుటకు వేసిన మొదటి అడుగు పుస్తకము నడుగుటయే. గ్రంథాలయ సభలో ఈ సంగతిని చెప్పకుండ ఎట్లుందును?

ఇక మోటారు. దానిపై 2207 అని యుండును. లోపలి స్థిరభాగపు వెడల్పు 22 మిల్లీమీటర్లు, ఎత్తు 7 మిల్లీమీటర్లు అని అర్థము. ప్రక్కనే 1950 కె.వి. అని గాని, 2450 కె.వి. అని గాని వ్రాసియుందురు. పంకా లేకుండ ఒక్క వోల్టునకు నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగునో ఆ అంకె అది. ఆరు అరల బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 25.2 వోల్టులు, 1950తో హెచ్చించినచో 49,140 చుట్లు. పంకా తగిలించిన పిమ్మట గాలి భారముచే అంత తిరుగదు. నాలుగు అరల బ్యాటరీ నిండుగా 16.8 వోల్టులు; దానికి 2450 కె.వి. మోటారు సరిపడును. ఆరు అరల బ్యాటరీకి 2450 కె.వి. మోటారును, పెద్ద పిచ్ గల పంకాను కలిపినచో, మోటారు గాని, దానిని నడుపు విద్యుత్పరికరము గాని కాలుట ఖాయము. వోల్టులు ఎక్కువైన చోట అదే శక్తికి ఆంపియర్లు తక్కువ చాలును. తీగెలు తక్కువగా వేడెక్కును. అంతేగాని ఆరు అరలున్నంతమాత్రమున డ్రోను దానంతట అది గెలువదు.

మన ప్రాంతపు ఎండను గూర్చి ఒక మాట. పుస్తకములలోని లెక్కలు సాధారణముగా 15 డిగ్రీల చల్లని గాలికి కట్టినవి. రోహిణికార్తెలో ఏలూరున 40 డిగ్రీలున్నప్పుడు గాలి నూటికి 8 వంతులు పలుచబడును. కొల్లేటి తేమ దానిని మరికొంత పలుచన చేయును. అదే పంకా, అన్నే చుట్లు. అయినను ఎత్తుడు బలము అంతమేరకు తగ్గును. అది చాలక మోటారు చల్లబడుటకు కావలసిన గాలియు వేడిగనే యుండును. కావున చలికాలమున సరిపడిన కూర్పు వేసవిలో సరిపడునని నమ్మరాదు. వేసవికి పిచ్ కొంచెము తగ్గించుట వివేకము. ఎగిరివచ్చిన వెంటనే మోటారుపై వ్రేలుంచుడు. రెండు మూడు క్షణములు ఉంచలేకపోయినచో ఆ పంకా ఆ మోటారునకు భారమైనదనియో, నియంత్రణ సవరణలు మితిమీరినవనియో తెలిసికొనుడు.

ఆ సవరణలను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. డ్రోను మెదడనదగిన చిన్న పలకలో బీటాఫ్లైట్ వంటి కార్యక్రమము పనిచేయుచుండును. దీనిని ఎవరైనను వెలలేకుండ పొందవచ్చును. అందు పి, ఐ, డి అను మూడు అంకెలున్నవి. కొల్లేటిలో తాటిదోనెను గెడతో నడుపువానిని తలచుకొనుడు. దోనె దారితప్పినప్పుడు ఎంత గట్టిగా పొడిచి సరిచేయవలెనో చెప్పునది పి. ప్రక్కగాలి ఎడతెగక త్రోయుచున్నప్పుడు ఆ తప్పును కూడబెట్టి సవరించునది ఐ. దోనె దారికి వచ్చునప్పుడు అటు దాటిపోకుండ ముందుగానే పట్టి ఆపునది డి. మూడును సమపాళ్లలో నున్నచో ప్రయాణము సుఖము. డి మితిమీరినచో మోటారులు వేడెక్కును. పి మితిమీరినచో డ్రోను వణకును. పంకాను మార్చిన ప్రతిసారియు ఈ అంకెలను మరల చూడవలసియుండును. కాని వంగిన పంకావలన పుట్టిన వణకును అంకెలతో మాన్పజూచుట వ్యర్థము. మొదట పంకా, పిదప అంకె.

కూర్పును పరీక్షించుటకు నేను చెప్పు పద్ధతి మిక్కిలి సులభము. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. పంకాను మార్చిననాడు బ్యాటరీని మార్పరాదు. ఒకే దారిలో మూడు చుట్లు తిరిగి, పట్టిన కాలము, బ్యాటరీలో మిగిలిన వోల్టులు, మోటారు వేడి, ఆనాటి ఎండ, గాలి, ఇవి అయిదును ఒక పుస్తకములో వ్రాయవలెను. నెలదినములు ఇట్లు వ్రాసిన బాలునికి, ఏడాది కాలము అంగళ్ల చుట్టు తిరిగినవానికి తెలియని సంగతులు తెలియును.

తల్లిదండ్రులు తప్పక వినవలసిన మాట ఇక చెప్పెదను. 5 అంగుళముల పంకా 30,000 చుట్లు తిరుగునప్పుడు దాని కొస వేగము క్షణమునకు 200 మీటర్లు. గంటకు 700 కిలోమీటర్లకు మించినది. అది వ్రేలిని తాకినచో ఏమగునో వివరింప నవసరము లేదు. ఇంటిలో బల్లపై పరీక్షించునప్పుడు పంకాలు విప్పిన పిమ్మటనే బ్యాటరీ తగిలింపవలెను. ఈ నియమమునకు మినహాయింపు లేదు. ఉబ్బిన బ్యాటరీని, నీటిలో పడిన బ్యాటరీని ఇంటిలో నుంచరాదు, మరల ఛార్జి చేయరాదు. ఛార్జి చేయునప్పుడు మనిషి దగ్గర నుండవలెను. కన్నులద్దములు ధరించి డ్రోను కెమెరా చూపు బొమ్మనే చూచుచు నడుపువానికి ప్రక్కనున్న మనుష్యులు కనబడరు. కావున అతని చెంత మరియొకడు ఆకాశమును, చుట్టునున్న జనమును కనిపెట్టుచు నిలువవలెను.

చట్టమును గూర్చియు తెలిసియుండవలెను. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోను నియమములు 250 గ్రాముల లోపువానిని నానో యనియు, అటుపై 2 కిలోల వరకు మైక్రో యనియు వింగడించినవి. 5 అంగుళముల పందెపు డ్రోను బ్యాటరీతో సాధారణముగా 250 గ్రాములు మించును. అది మైక్రో తరగతిది. ఎగురవేయుటకు ముందు డిజిటల్ స్కై పటమున ఆ తావు ఏ రంగులో నున్నదో చూచుకొనవలెను. 2022 ఫిబ్రవరి 9న కేంద్రప్రభుత్వము విదేశములనుండి సిద్ధమైన డ్రోనుల దిగుమతిని కొన్ని ప్రత్యేక అవసరములకు తప్ప నిషేధించినది, విడిభాగములను నిషేధింపలేదు. అందుచేతనే మన యువకులు భాగములను తెప్పించి తామే కూర్చుకొనుచున్నారు. కూర్పు తెలియనివానికి ఇది నష్టము. తెలిసినవానికి ఇదియే విద్యాభ్యాసము.

చట్టమునకు మించిన మర్యాద యొకటి మన కొల్లేటివారికి కలదు. 1999లో కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడినది. కైకలూరు చెంత ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుచున్నవి. అంతటి వేగముతో కీచుమని పోవు యంత్రము గూటిపైనుండి పోయినచో తల్లిపక్షి బెదరి లేచును. గ్రుడ్లు, పిల్లలు ఎండకును కాకులకును వశమగును. అటవీశాఖవారి అనుమతి లేక అభయారణ్యముపై డ్రోను నెగురవేయరాదు. మనకు ఎగురుట నేర్పినవి పక్షులు. వాని గూటిపై పందెములు పెట్టుట మనకు తగదు.

క్రొత్తగా ప్రారంభించువారు ఏమి చేయవలెను? మొదట కంప్యూటరుపై అభ్యాసము; పిదప అరచేతిలో ఇముడు, పంకాల చుట్టు కాపుగల అతిచిన్న డ్రోను. దాని పంకా వ్యాసము 31 మిల్లీమీటర్లు. మొత్తము బరువు ముప్పది గ్రాముల చుట్టుప్రక్కల. చదువరులు ఇండ్లకు పోయిన పిమ్మట ఈ గ్రంథాలయపు హాలులోనే కుర్చీలను ద్వారములుగా నిలిపి దానిని నడుపవచ్చును. చేయి కుదిరిన పిమ్మట 3 అంగుళములది, ఆ పిమ్మట 5 అంగుళములది. 5 అంగుళములకు వచ్చినవాడు మూడు రెక్కలు, 4.3 పిచ్ చుట్టుప్రక్కల గల పంకాతో ప్రారంభించి, తన దారికిని తన చేతికిని తగినట్లు అటునిటు జరుపుకొనవచ్చును. గెలిచినవాని పంకాను చూచి అదే కొనుటలో లాభము లేదు. అతని మోటారు వేరు, చేయి వేరు, ఆటస్థలము వేరు.

కడపట గ్రంథాలయమువారికి నా విన్నపము. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలపై పడవలో పుస్తకములను ఊరూరికి పంపిరి. నీరు దారియైన దేశమున పడవయే బీరువా యయ్యెను. నేడు మన పిల్లల చూపు గాలిదారిపై నున్నది. విమానవిద్యను గూర్చిన పుస్తకములు నాలుగు, ఒక చిన్న త్రాసు, ఒక వోల్టుమీటరు, అందరును వ్రాయదగిన ఒక లెక్కపుస్తకము ఇచ్చట నుంచుడు. ఏ పంకా ఏ మోటారుతో ఏ ఋతువున ఎట్లు నడచెనో మన పిల్లలు అందులో వ్రాయుదురు. ఒకడు కాల్చుకొన్న మోటారు రెండవవానికి పాఠమగును. రెండవవానికి ఆ ఖర్చు తప్పును. తల్లిదండ్రులు ఆటయనినది ఆ పుస్తకములోని ప్రతి పంక్తితో శాస్త్రమగుచుండును. అట్లు లెక్క నేర్చిన చేయి రేపు పొలముపై మందు చల్లు డ్రోనును నడుపును, బాగుచేయును, అంతకంటె మేలైనదానిని కట్టును.